కొంగలు లేస్తే తిరిగిపోయిన విమానం

2022 జూన్, బడులు తెరిచిన వారం. శంషాబాద్ నుంచి కొత్వాల్‌గూడ వైపు పోయే దారిలో ఒక సర్కారు బడి. ఊరి పేరు రాయను. రాస్తే అక్కడివాళ్లు ఈ కథను నా నోటితో ఇంకోసారి వినాలని పిలుస్తారు, అది ఇప్పుడు నాకు చేతకాదు. బడికి ఒక పక్క గోదాము గోడ, ఇంకో పక్క రంగు పూసిన ప్లాట్ల రాళ్లు, నెత్తిమీద విమానాలు. దిగే విమానం ఎంత కిందికి వస్తుందంటే, కిటికీ పక్కన కూర్చున్న పిల్లలు దాని చక్రాలు లెక్కపెట్టి చెప్పగలరు. ఆ చప్పుడులో పాఠం వినబడదు. అందుకే ఆ బడిలో టీచర్లకూ పిల్లలకూ ఒక అలవాటు పడింది. "ఏడు ఎనిమిదులు" అనేసరికి విమానం వస్తే అందరూ నోరు మూసుకుని ఆగుతారు. అది దాటిపోయాక, ఎవరూ చెప్పకుండానే, "యాభై ఆరు" అని అక్కడినుంచే అందుకుంటారు.

ఇది కోత కాదు. నేను చెప్పేవాటిలో ఏది కోతో ఏది కాదో ముందే చెప్పడం నాకు అలవాటు లేదు. ఈ ఒక్కసారికి చెబుతాను.

నా పని బడుల్లో కూరగాయల తోటలు వేయించడం, చెత్తను వేరు చేయించి ఎరువు చేయించడం, కప్పు మీద సోలార్ పలకలు పెట్టించడం. కంపెనీలు ఇచ్చే సాయంతో నడిచే ఒక చిన్న సంస్థలో పదిహేడేళ్లుగా ఇదే చేస్తున్నాను. ఈ పనిలో మొక్క నాటడం కష్టం కాదు. మొక్క పక్కన నిలబడి ఫోటో దిగిన తర్వాత వచ్చే సోమవారం కష్టం. ఆ సోమవారం నీళ్లు ఎవరు పోస్తారన్నది తేలకపోతే, మళ్లీ నేను వెళ్లేసరికి అక్కడ బోర్డు మాత్రమే పచ్చగా ఉంటుంది.

సోమవారాన్ని దాటించడానికి నా దగ్గర ఉన్న ఒకే ఒక పనిముట్టు కోతలు కోయడం. చాలాకాలం నేను వివరించి చూశాను. ఎవరూ వినలేదు. కథ చెబితే విన్నారు. ఒక బడిలో పిల్లలు ఇంటి నుంచి కూరగాయల తొక్కలు తెమ్మంటే తేలేదు. మన గుంతలోని వానపాము ఒకటి ఆకలికి తాళలేక తవ్వుకుంటూ తవ్వుకుంటూ రన్‌వే దాకా పోయిందని, ఒక పైలట్ దాన్ని అగ్గిపెట్టెలో పెట్టుకొచ్చి నాకు అప్పజెప్పి, "తిండి పెట్టకపోతే ఎట్లా సార్" అని కోప్పడ్డాడని చెప్పాను. మర్నాడు తొక్కలు పెట్టడానికి బకెట్లు చాలలేదు. ఇంకో ఊళ్లో ఒక పెద్దాయన, సోలార్ పలకలు ఎండను గుంజేస్తే వడ్లు ఎట్ల ఎండుతయని బడి గేటుకు అడ్డం నిలబడ్డాడు. నేను వోల్టుల జోలికి పోలేదు. "బాపూ, నీ వడ్లు ఎండినంక మిగిలిపోయిన ఎండ గుంజుతది ఇది, ముందు గుంజదు" అన్నాను. ఆయన కాసేపు ఆలోచించి పక్కకు జరిగాడు. తర్వాత ఆ పలకల మీద దుమ్ము తుడిచేది ఆయనే.

ఇట్లా ఏళ్లు గడిచాయి. మండలంలో నా సంస్థ పేరు ఎవరికీ తెలియదు, "కోతల సారు" అంటే మాత్రం అందరికీ తెలుసు. ఆ పేరును నేను బిరుదులాగే మోశాను.

ఆ బడిలో మధ్యాహ్న భోజనం వండే మనిషి ఎస్తేరమ్మ. బడి వెనక చర్చి, చర్చి పక్కన ఆమె ఇల్లు. యాభై దాటిన మనిషి, భర్త లేడు, కూతురిని సాతంరాయిలో ఇచ్చింది. నేను మొదటిసారి ఆమెను చూడలేదు, విన్నాను. రేకుల షెడ్డులోంచి దగ్గు వస్తోంది. ఆ వెనకే పొగ, పొగ వెనక ఆమె. మాటకు ముందు ఒక దగ్గు, మాట తర్వాత ఒక దగ్గు. సిలిండర్ వచ్చిన నెల వచ్చేది, రాని నెల రాదు. కట్టెలు మాత్రం ఎప్పుడూ ఉండేవి.

"దవాఖానకు పోయినవా అక్కా?"

"పోయిన. పొగ దగ్గరికి పోవద్దన్నది డాక్టరమ్మ. నేనెక్కడ పోతున్ననమ్మా, అదే నా దగ్గరికి వస్తది అన్న." దగ్గింది. "ఊపిరితిత్తులు సగమే పని చేస్తున్నయట. పొగ మానాలె, లేకుంటే వంట మానాలె అన్నది."

"మరి?"

"నేను మానేస్తే ఇంకొకామె వస్తది. ఆమె దగ్గుతది. దగ్గు గిక్కడనే ఉంటది సారూ, మనిషి మారుతది గంతే."

ఆ బడికి నేను పోయింది తోట కోసం, సోలార్ కోసం. ఆ మాట విన్నాక జాబితాలో బయోగ్యాస్ డైజెస్టర్ కూడా చేర్చాను. డైజెస్టర్ అంటే మూత ఉన్న పెద్ద డ్రమ్ము. మొదట అందులో పేడ కలిపిన నీళ్లు పోసి మూడు వారాలు వదిలేస్తాం. పేడలోని సూక్ష్మజీవులు ఆ తర్వాత మనం వేసే మిగిలిన అన్నాన్ని, తొక్కలను తిని గ్యాస్ వదులుతాయి. గ్యాస్ నిండే కొద్దీ పైన బోర్లించిన ఇంకో డ్రమ్ము నెమ్మదిగా పైకి లేస్తుంది. అక్కడినుంచి పైపు పొయ్యికి పోతుంది. అరిగి ఇంకో పక్కనుంచి బయటికి వచ్చే పల్చటి ద్రవాన్ని స్లర్రీ అంటాం, తోటకు అంత మంచి ఎరువు ఇంకోటి లేదు.

ఇదంతా నేను బొమ్మ గీసి చెబుతుంటే ఎస్తేరమ్మ సగంలోనే ఆపింది.

"గిది మూతి, గిది కడుపు, గిది వెనక వేసేది. నడిమిట్ల పొదుగు. బర్రెనే గదా?"

"ఆ... బర్రెనే అక్కా."

"మరి బర్రె అని చెప్పరాదు. గంట సేపటి నుంచి ఏందేందో చెప్తున్నవ్."

చుట్టుపక్కల మేత భూములు ప్లాట్లయ్యేదాకా ఆమెకు రెండు బర్రెలు ఉండేవి. డ్రమ్ముకు పేడ సాతంరాయిలో ఇంకా పశువులు పెట్టుకున్న ఒక ఇంటి నుంచి కూతురితో చెప్పి ఆమే తెప్పించింది.

బడుల్లో ఈ డ్రమ్ములు ఎట్లా చస్తాయో నాకు తెలుసు. ఏదో పండుగనాడు మిగిలిందంతా తెచ్చి ఒకేసారి కుమ్మరిస్తారు. లోపల పులిసిపోతుంది, సూక్ష్మజీవులు చస్తాయి, గ్యాస్ ఆగిపోతుంది, డ్రమ్ము మూలకు పడుతుంది. ఎస్తేరమ్మ దగ్గర ఆ ఆట సాగలేదు. ఆగస్టు పదిహేనున టీచర్లు మిగిలిన లడ్డూల పళ్లెం తెస్తే గేటు దగ్గరే ఆపింది. "గింత తీపి ఒక్కపారి పెడ్తరా దానికి? మీరు తినుండ్రి, మీకు అరగకపోతే అప్పుడు చూద్దాం." క్యాబ్ డ్రైవర్లు తినే హోటల్ ఒకటి దగ్గర్లో ఉంది. అక్కడ మిగిలిన అన్నం రోజుకు ఒక్క బకెట్ తెచ్చేది, రెండో బకెట్ ఇస్తామన్నా తీసుకునేది కాదు. పొద్దున రాగానే పైడ్రమ్ము ఎంత లేచిందో చేత్తో కొలిచి, "పొదుగు నిండింది" అని చెప్పి అప్పుడు చెప్పులు విడిచేది. ఒకసారి డ్రమ్ముకు ఒంట్లో బాగాలేకపోతే, పులుపు చూపే నా పరీక్ష కాగితం రంగు మారకముందే వాసన చూసి చెప్పింది. నాలుగు రోజులు పస్తు పెట్టి, సున్నపు నీళ్లు పోసింది. నేను చెప్పేదీ అదే మందు. ఆమె నన్ను అడగలేదు.

పప్పూ కూరా గ్యాస్ మీదికి వచ్చాయి. అన్నానికి గ్యాస్ సరిపోదు, అది కట్టెల మీదే. అయితే అన్నానికి ఎసరు పెట్టి దూరంగా కూర్చోవచ్చు, పప్పూ కూరే దగ్గర నిలబడి కలపాలి. దసరా సెలవుల తర్వాత ఒకరోజు నేను తోటలో స్లర్రీ గుంత మీది జాలీ తీసి పక్కన పెట్టి మరిచిపోయాను. ఎస్తేరమ్మ షెడ్డులోంచి బయటికొచ్చి నన్ను తిట్టడం మొదలుపెట్టింది. పిల్లలు పడితే ఎవరు చూస్తరు, సదువుకున్నవా లేదా, మీ ఇంట్ల గిట్లనే ఇడ్సిపెడ్తవా అని మా నాయన దాకా పోయి వెనక్కి వచ్చింది. తిట్టు అయిపోయాక ఇద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం. అంత పొడుగు తిట్టులో ఒక్క దగ్గు రాలేదు.

ఇన్నేళ్లలో నాకు దక్కిన సర్టిఫికెట్ అదొక్కటే.

తర్వాతి ఫిబ్రవరిలో సాయం ఇచ్చే కంపెనీ నుంచి నలుగురు వచ్చారు, వెంట కెమెరా. హెడ్‌మిస్ట్రెస్ పద్మావతి గారు గుంటూరు వైపు మనిషి, మర్యాద తప్పదు, భయం వదలదు. నన్ను పక్కకు పిలిచి, "ఏమండీ, రెండో డ్రమ్ము ఇచ్చేదీ లేనిదీ ఇవాళే తేలిపోతుందట. మీరు మాట్లాడితే బాగుంటుంది. కాస్త ఘనంగా చెప్పండి" అన్నారు.

రెండో డ్రమ్ము వస్తే అన్నం కూడా గ్యాస్ మీదే. ఎస్తేరమ్మ కట్టెల పొయ్యి తీసేసి ఆ చోట కరివేపాకు చెట్టు పెడతానని అప్పటికే గుంత తవ్వుకుంది. కనుక ఘనంగా చెప్పాను. డ్రమ్ము ముందు, తోటలో, కెమెరాలోకి చూస్తూ.

"ఈ తోట లేనప్పుడు ఇక్కడ పిచ్చుక వాలేది కాదు. ఇప్పుడు హిమాయత్ సాగర్ చెరువు కొంగలన్నిటికీ అడ్రస్ మా బడే. మొన్న వానాకాలంలో ఒకపొద్దున ఈ గుంత మీదినుంచి మూడొందల కొంగలు ఒక్కసారే లేచినయ్. అప్పుడే ఒక విమానం దిగబోతున్నది. పైలట్ చూసిండు. బడి కొంగలు, చిన్న పిల్లల కొంగలు, ముందు అవి పోనియ్యి అనుకొని బండి మళ్ల పైకి లేపి, ఒక చుట్టు తిరిగొచ్చి దిగిండు."

నలుగురూ పగలబడి నవ్వారు. షెడ్డులోంచి ఎస్తేరమ్మ గొంతు, "గా పైలట్‌ను పిలిచి పప్పన్నం పెట్టి పంపిన్నని గూడ చెప్పకపోయినవ్ సారూ."

నిజంగా ఆ వానాకాలంలో ఒక విమానం దిగబోయి మళ్లీ లేచింది. గాలి వల్లనో, ఇంకేదో కారణం వల్లనో నాకు తెలియదు. అప్పుడప్పుడూ అట్లా జరుగుతుంది. ఆ పొద్దున మా గుంత దగ్గర ఉన్నవి రెండు కాకులు. జాలీ మీద కాసేపు కూర్చుని, ఏమీ దొరక్క గోదాము వైపు పోయాయి.

ఆ వీడియో వాళ్ల ఆఫీసులో తిరిగింది. అక్కడినుంచి ఎవరో ఎవరికో పంపారు. ఫోన్ నుంచి ఫోన్‌కు పోతూ పోతూ ముందు తోట తెగిపోయింది, తర్వాత డ్రమ్ము, చివరికి కొంగలూ విమానమూ మాత్రమే మిగిలాయి. కొత్వాల్‌గూడ చౌరస్తాలో చాయ్ తాగుతుంటే ఒకాయన నాకే చూపించాడు. "చూసినవా అన్నా, ఎవడో గానీ మస్తు చెప్పిండు." నాకు పొంగిపోయినంత పనైంది.

మార్చి నడుమ ఒక అధికారి వచ్చారు. ఏ ఆఫీసో రాయను, ఆయన తప్పు ఏమీ లేదు. నెమ్మదస్తుడు. బడి వరండాలో కుర్చీలో కూర్చుని, మంచినీళ్లు తాగి, ఫోన్ తీసి వీడియో పెట్టారు.

"ఇది మీరేనా?"

"నేనే సార్."

"కొంగలు రోజూ వస్తాయా?"

"అసలు రావు సార్."

"మూడొందలు అన్నారు ఇందులో."

"అది ఊరికే అన్నది సార్. నవ్వడానికి."

"విమానం తిరిగిపోయింది కూడా ఊరికే అన్నదేనా?"

ఇక్కడ నాకు ఏమైందో ఇప్పటికీ అర్థం కాదు. ఇన్నేళ్లలో మొదటిసారి, ఎవరూ బలవంతం చేయకుండానే, జరిగింది జరిగినట్టు చెప్పాలనిపించింది. "విమానం తిరిగింది సార్. కానీ..."

"తిరిగింది కదా" అని ఆయన రాసుకున్నారు.

విమానాలు దిగే తోవకు దగ్గర్లో పక్షులను పిలిచే చెత్త ఉండకూడదు. ఒక్క పక్షి ఇంజన్‌లో పడితే ఎన్ని ప్రాణాలో. ఆ నియమం మంచిదే, నేనూ అదే రాసేవాణ్ని. నేను ఆయనను డ్రమ్ము దగ్గరికి తీసుకెళ్లాను. చుట్టూ తిప్పాను. మూత ఉంది, లోపలిది బయటికి కనిపించదు, వాసన రాదు, గుంత మీద జాలీ ఉంది, బయట కుప్ప వేస్తేనే పక్షులు వస్తాయి, ఇది ఆ కుప్పను లేకుండా చేసే పని అని వరసగా చెప్పాను. ఒక్క అబద్ధం లేకుండా అంతసేపు మాట్లాడటం నాకు అదే మొదలు. నాలుక తడబడింది కూడా.

ఆయన అంతా విని, మెల్లగా అన్నారు. "మూడొందల కొంగలని చెప్పిందీ మీరే, ఒక్కటీ రాదని చెబుతున్నదీ మీరే. రేపు పొరపాటున ఏదన్నా జరిగితే, ఆ వీడియో చూసి కూడా ఎట్లా వదిలేశావని నన్ను అడుగుతారు. అప్పుడు మీ మాట నేను చూపించగలనా?"

సరిగ్గా అప్పుడే ఒక విమానం వచ్చింది. అలవాటుగా అందరం ఆగాం. అది పోయాక నా వైపు నుంచి అందుకోవడానికి మాట లేకపోయింది.

పది రోజుల్లో కాగితం వచ్చింది. బడి ఆవరణలో తిండి వ్యర్థాలను నిల్వ చేయడం, కుళ్లబెట్టడం ఆపివేయాలి, అందుకు ఉపయోగించే పాత్రలు తీసివేయాలి. పద్మావతి గారు దాన్ని రెండుసార్లు చదివి, మడిచి, బీరువాలో పెట్టి తాళం వేశారు. "నాకింకా మూడేళ్ల సర్వీసు ఉందండీ. నన్ను క్షమించండి" అన్నారు. కంపెనీవాళ్లు ఫోన్‌లో నాతో ఎంతో మర్యాదగా మాట్లాడారు. రెండో డ్రమ్ము సంగతి మాత్రం ఎత్తలేదు.

ఎస్తేరమ్మకు చెప్పడం నా వంతు. ఆమె పప్పు కలుపుతోంది. పొయ్యి కింద నీలి మంట. నేను చెప్పిందంతా విని గరిటె పక్కన పెట్టింది.

"గంతేనా? ఊర్లందరికి చెప్తవ్ గదా, గా సారుకు గూడ ఒకటి చెప్పరాదు."

"ఏం చెప్పాలె అక్కా?"

"నాకేం ఎరుక. బర్రె సచ్చిపోతే ఇమానాలన్ని ఆకలికి కింద పడ్తయని చెప్పు. ఏదన్న చెప్పు. గిన్నేండ్లు ఎవలెవలి కోసమో చెప్పినవ్, ఒక్కటి నా కోసం చెప్పు."

నా దగ్గర ఒక్కటీ లేదు.

కథకు బదులు ఫైలు పట్టుకుని ఆ ఆఫీసుకు నాలుగుసార్లు పోయాను. బొమ్మలు, ఫోటోలు, డ్రమ్ము తయారుచేసినవాళ్ల కాగితాలు, డాక్టరమ్మ రాసిచ్చిన చీటీ, అన్నీ పెట్టాను. మొదటిసారి వెళ్లినప్పుడే సీట్లో ఉన్న క్లర్కు నన్ను గుర్తుపట్టి లేచి నిలబడ్డాడు.

"ఇమానం సారా! కూసో అన్నా, కూసో. చాయ్ చెప్పుండ్రి." చుట్టుపక్కల బల్లల నుంచి నలుగురు కుర్చీలు జరుపుకున్నారు. "ఫోన్ల చూసినం గానీ, నీ నోటి నుంచి ఇనాలె. జర చెప్పు."

"అన్నా, నేను అర్జీ పట్టుకొచ్చిన. వంట చేసే అక్కకు ఊపిరితిత్తులు..."

"అర్జీ చూద్దాం, ఎటు పోతది. ముందు గది చెప్పు. పైలట్ ఏమన్నడు?"

చెప్పాను. చెబితే అర్జీ చూస్తాడేమోనని చెప్పాను. ఈసారి అయిదొందల కొంగలు అన్నాను. వాళ్లు కళ్లనీళ్లు వచ్చేలా నవ్వారు. అర్జీ మీద ముద్ర వేసి తీసుకున్నాడు. రెండోసారి వెళ్తే కొత్తగా వచ్చిన ఒకామె వినలేదని మళ్లీ చెప్పించారు. మూడోసారి నేను చెప్పనన్నాను. క్లర్కు మొహం చిన్నబుచ్చుకుని, "ఏమైందన్నా, నారాజున్నవ్" అన్నాడు. అర్జీ ఏమైందో అతనికి తెలియదు. నాలుగోసారి గదిలోకి పోకుండా గేటు దగ్గరినుంచే తిరిగొచ్చాను. ఆ అర్జీలో నేను రాసిన ప్రతి మాటా నిజం. దాన్ని చదివిన మనిషి ఒక్కరు కూడా నాకు కనబడలేదు.

ఏప్రిల్‌లో డ్రమ్ము ఖాళీ చేశాం. వేసవి సెలవులకు ముందు రోజు. ఇద్దరు కూలీలు, నేను. ఎస్తేరమ్మను రావద్దన్నాను, వచ్చింది. వాల్వు తిప్పి గ్యాస్ వదిలేస్తే పైడ్రమ్ము మెల్లమెల్లగా కిందికి దిగుతుంది. ఆమె దాని మీద చెయ్యి వేసి, అది పూర్తిగా దిగేదాకా తీయలేదు.

"దీన్ని గిట్లనే పారబోస్తరా? ఎవలకన్న ఇయ్యరాదు? సాదుకుంటరు."

"అడిగిన అక్కా. వీడియో చూసినోళ్లు అందరూ మాకొద్దన్నరు."

ఆ మాట తప్పు. ఏ బడివాళ్లూ మాకొద్దనలేదు, ఎందుకంటే నేను ఎవరినీ అడగలేదు. నా పేరు చెబితే నవ్వుతారని సిగ్గుపడ్డాను. ఈ కథ మొత్తంలో నేను దాచుకున్న అబద్ధం అదొక్కటే, అది కూడా రాసేశాను.

ఆఫీసు నుంచి వచ్చిన కుర్రవాడు ఖాళీ డ్రమ్మును ఫోటో తీసుకుని వెళ్లిపోయాడు. లోపలి నల్లటి స్లర్రీ అంతా తోటలో మళ్ల మీద పారింది. ఎండకు బీటలు వారిన నేల అది. తడి తగలగానే లోపలి పురుగూ పుట్రా పైకి వచ్చాయి. కూలీలు కాళ్లు కడుక్కుంటున్నారు. అప్పుడు హిమాయత్ సాగర్ వైపు నుంచి ఒక కొంగ వచ్చి వంకాయ మొక్కల నడుమ వాలింది. దాని వెనక ఇంకోటి. నేను లెక్కపెట్టాను. పదకొండు.

మూడొందలు కాదు. పదకొండు. పది నెలలు ఆ డ్రమ్ము బతికి ఉన్నన్నాళ్లూ ఒక్క కొంగ రాలేదు. చంపిన రోజు పదకొండు వచ్చాయి. ఒక విమానం నిమ్మళంగా వాటి మీదుగా దిగి పోయింది. కొంగలు తల కూడా ఎత్తలేదు. ఎస్తేరమ్మ చూసింది, నేను చూశాను. చెబితే నమ్మేవాళ్లు ఎవరు?

జూన్‌లో బడి తెరిచారు. సోలార్ పలకలు అట్లాగే ఉన్నాయి, వాటి కరెంటుతో హెడ్‌మిస్ట్రెస్ గదిలో ఫ్యాను తిరుగుతుంది. వాటికి ఏ అభ్యంతరమూ రాలేదు. తోట ఆ వేసవిలోనే పోయింది. కరివేపాకు కోసం తవ్విన గుంతలో కట్టెలు పేర్చారు. వానకు కట్టెలు తడిసి, పొగ ఇదివరకటి కంటే ఎక్కువైంది. ఎస్తేరమ్మ దీపావళి దాకా వండింది. ఒకరోజు అన్నం దించుతూ ఊపిరందక కూర్చుండిపోతే ఆటోలో దవాఖానకు తీసుకుపోయారు. ఆ తర్వాత సాతంరాయిలో కూతురింటికి వెళ్లిపోయింది. జనవరిలో నేను వేరే పని మీద ఆ బడికి పోయాను. రేకుల షెడ్డులోంచి దగ్గు వినబడింది. గొంతు వేరు. దగ్గు అదే.

ఇప్పుడు నేను పనిచేసే ప్రతి బడిలో ఒక నోట్‌బుక్ పెట్టిస్తాను. ఏ రోజు ఏ పక్షి వచ్చింది, ఎన్ని వచ్చాయి, పిల్లలు రాస్తారు. రెండు కాకులైతే రెండు కాకులు. ఏమీ రాకపోతే సున్నా. ఈ పనిలోకి కొత్తగా వచ్చినవాళ్లు నన్ను కథలు చెప్పమంటే ఆ నోట్‌బుక్ చూపిస్తాను. పాపం, వాళ్లకు విసుగ్గా ఉంటుంది. దానివల్ల ఏ డ్రమ్మయినా నిలిచిందా అంటే, ఇంకా ఏ అధికారీ చూడటానికి రాలేదు, తెలియదు. నాకు తెలిసింది ఒకటే. నిజం చెప్పడం నాకు అవసరం పడిన రోజున మొదలుపెట్టాను. ఆ రోజు అది నా నోట్లో ఇంకో కోతలాగే ఉంది.

మొన్న సాతంరాయికి పోయి ఎస్తేరమ్మను చూశాను. గడప పక్కన మంచం మీద కూర్చుని ఉంది, చేతిలో మందు పీల్చే చిన్న డబ్బా. మనిషి సగమైంది. కూతురు చాయ్ పెట్టడానికి లోపలికి పోగానే అడిగింది.

"బర్రె యాడున్నది తమ్మీ?"

అంతకుముందు ఆమె నన్ను ఎప్పుడూ తమ్మీ అనలేదు. వేరే బడిలో కట్టేశామనీ, పూటకు రెండు పొయ్యిలు మండిస్తోందనీ, నిన్ను అడిగిందనీ చెప్పవచ్చు. ఆ మాటలన్నీ నోటి దాకా వచ్చాయి, ఒకదాని వెనక ఒకటి, అచ్చం పాత రోజుల్లోలాగ. మింగేశాను.

"గోదాము గోడ పక్కన పడేసిండ్రు అక్కా. ఎండకు పగిలింది."

విమానం వచ్చింది. సాతంరాయిలో అంత కిందికి రాదు, అయినా అలవాటుగా ఇద్దరం ఆగాం. ఆమె నన్నే చూస్తోంది. చప్పుడు దూరమయ్యాక ఏదో అనబోయింది, దగ్గు వచ్చింది. తగ్గేదాకా డబ్బా నోటి దగ్గర పెట్టుకుని, తర్వాత అక్కడినుంచే అందుకుంది.

"గిప్పుడా తమ్మీ, నువ్వు నిజం చెప్పెటిది?"